సూపర్‌సోనిక్ మంటను చూడడానికి ఏ లేజర్ పద్ధతి? డెల్టా కాలేజీ ల్యాబులకు పోలిక

2016 ఆగస్టు 28న ఇస్రో శ్రీహరికోట నుంచి స్క్రామ్‌జెట్ ఇంజిన్‌ను (లోపలి గాలి శబ్దవేగం కన్నా వేగంగా పోతుండగానే ఇంధనాన్ని మండించే ఇంజిన్) ఎగరేసి పరీక్షించింది. 2020 సెప్టెంబరు 7న డీఆర్‌డీఓ వారి స్క్రామ్‌జెట్ ప్రయోగ వాహనం హెచ్‌ఎస్‌టీడీవీ ఎగిరింది. 2025 జనవరిలో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబు డీఆర్‌డీఎల్ స్క్రామ్‌జెట్ కంబస్టర్‌ను (ఇంధనం మండే గదిని) నేల మీద 120 సెకన్ల పాటు మండించింది. ఇవన్నీ చూసి కాకినాడలోనో భీమవరంలోనో చిన్న సూపర్‌సోనిక్ కంబస్టర్ కట్టి, లోపల మంటను లేజర్‌తో చూద్దామని ప్రాజెక్టు రాయడానికి కూర్చున్న వాళ్ల బండి దాదాపు ఒకే చోట ఆగుతుంది. ఓహెచ్ (హైడ్రాక్సిల్) పీఎల్‌ఐఎఫ్ పెట్టాలా, అసిటోన్‌తో సరిపెట్టాలా, ఫార్మాల్డిహైడ్ చాలా, అసలు లేజర్ లేకుండా గడవదా?

పీఎల్‌ఐఎఫ్ (ప్లానార్ లేజర్ ఇండ్యూస్డ్ ఫ్లోరెసెన్స్) పని తీరు రెండు మాటల్లో చెప్పొచ్చు. లేజర్ కిరణాన్ని అర మిల్లీమీటరు కన్నా పల్చటి షీటుగా పరిచి మంటలోంచి పంపుతాం. ఆ తరంగదైర్ఘ్యాన్ని పీల్చుకునే అణువులు మాత్రమే వెలుగుతాయి, ఆ వెలుగును అడ్డంగా పెట్టిన ఇంటెన్సిఫయర్ కెమెరా (మసక వెలుగును పెంచి చూపే కెమెరా) పట్టుకుంటుంది. అందుకే ఏ అణువును వెలిగించాలి అన్నదే అసలు ఎంపిక. లేజర్, ఫిల్టర్, లెన్స్, కిటికీ గాజు అన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఏం చూడాలి? ఇంధనం గాలిలో ఎలా కలుస్తోందో చూడాలంటే ఒక అణువు కావాలి, మంట ఎక్కడ అంటుకుంటోందో చూడాలంటే మరొకటి. రెండూ ఒకే ఫొటోలో రావు. "దహనాన్ని పూర్తిగా అధ్యయనం చేస్తాం" అని రాసిన ప్రతిపాదనకు ఏ లేజర్ కొన్నా ఏదో ఒక లోటు మిగులుతుంది.

రెండోది ఇంధనం. హైడ్రోజన్ మంటలో కార్బన్ లేదు కాబట్టి ఫార్మాల్డిహైడ్ ఉండదు, సీహెచ్ (ఒక కార్బన్, ఒక హైడ్రోజన్ ఉన్న ముక్క) ఉండదు. ఓహెచ్ ఒక్కటే గతి. మన కేజీ బేసిన్ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేనే, కాబట్టి పైపు గ్యాస్ వాడేవాళ్లకు ఓహెచ్, ఫార్మాల్డిహైడ్ రెండూ దొరుకుతాయి. కిరోసిన్ అయితే ఇంకో తలనొప్పి. అందులోని ఆరోమాటిక్ అణువులు అతినీలలోహిత లేజర్ తగలగానే తామే వెలుగుతాయి, మనకు కావలసిన సిగ్నల్ మీద పడతాయి.

మూడోది వేగం. ఇక్కడ కాగితం మీద లెక్క వేయకుండా ముందుకు పోకూడదు. కంబస్టర్‌లోకి వచ్చే గాలి స్టాగ్నేషన్ ఉష్ణోగ్రత (గాలిని ఆపితే ఉండే ఉష్ణోగ్రత) 900 కెల్విన్, వేగం మాక్ 2 (శబ్దవేగానికి రెట్టింపు) అనుకోండి. పారుతున్న గాలి అసలు (స్టాటిక్) ఉష్ణోగ్రత 500 కెల్విన్‌కు దిగుతుంది, వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు. లేజర్ పల్స్ 10 నానోసెకన్లే కాబట్టి ఆ వ్యవధిలో ప్రవాహం 9 మైక్రాన్లు కదులుతుంది, ఫొటోలో కదలిక కనబడదు. అదే లేజర్ లేకుండా 10 మైక్రోసెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే 9 మిల్లీమీటర్లు చెరిగిపోతుంది.

నాలుగోది కిటికీ. అక్రిలిక్ వద్దు. మామూలు ఆప్టికల్ గాజు బీకే-7 కూడా 300 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగును మింగేస్తుంది. ఓహెచ్‌కు లేజర్ లోపలికి వెళ్లే కిటికీ, కెమెరా చూసే కిటికీ రెండూ యూవీ గ్రేడ్ ఫ్యూజ్డ్ సిలికాతోనే చేయించాలి.

ఐదోది ఎవరూ ప్రతిపాదనలో రాయనిది: గది. దీని గురించి కింద విడిగా చెప్పాలి, ఎందుకంటే గోదావరి జిల్లాల్లో చాలా నిర్ణయాలు ఇక్కడే తారుమారవుతాయి.

ఒక చూపులో

| పద్ధతి | లేజర్ (నానోమీటర్లు) | పట్టే వెలుగు (నానోమీటర్లు) | చూపించేది | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| ఓహెచ్ కెమిలుమినిసెన్స్ | అక్కర్లేదు | 308 చుట్టూ | రసాయన చర్య జరిగే ప్రాంతం | లోతంతా కలిసిపోతుంది |
| ఓహెచ్ పీఎల్‌ఐఎఫ్ | 283 | 308–315 | వేడి దహన ఉత్పత్తులు, వాటి అంచు | డై లేజర్ పోషణ |
| ఫార్మాల్డిహైడ్ పీఎల్‌ఐఎఫ్ | 355 | 380–500 | మంట ముందు వేడెక్కే పొర | బలహీన సిగ్నల్, మసి |
| అసిటోన్ పీఎల్‌ఐఎఫ్ | 266 | 350–550 | కాలని ఇంధనం, మిశ్రమం | చల్లటి ప్రవాహంలో గడ్డకడుతుంది |
| నైట్రిక్ ఆక్సైడ్ పీఎల్‌ఐఎఫ్ | 226 | 235–280 | ప్రవాహ నిర్మాణం | విష వాయువు |

లేజర్ లేకుండా: ఓహెచ్ కెమిలుమినిసెన్స్

దీన్ని తక్కువగా చూడొద్దు. మంటలో పుట్టే ఉత్తేజిత ఓహెచ్ తనంతట తానే 308 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. ఇంటెన్సిఫయర్ కెమెరా, యూవీ లెన్స్, 310 చుట్టూ 10 నానోమీటర్ల వెడల్పున్న బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ఉంటే పని మొదలవుతుంది. హైడ్రోకార్బన్ మంటైతే 431 దగ్గర సీహెచ్ వెలుగును మామూలు గాజు కిటికీలోంచే, మామూలు కెమెరా లెన్స్‌తోనే పట్టొచ్చు.

లోటు ఏమిటంటే ఇది కంబస్టర్ వెడల్పు మొత్తాన్ని ఒకే బొమ్మగా నొక్కేస్తుంది. 50 మిల్లీమీటర్ల వెడల్పులో ఎక్కడి మంట ఎక్కడిదో చెప్పలేం. ఎక్స్‌పోజర్ 1 మైక్రోసెకనుకు తగ్గిస్తే చెరుగు 0.9 మిల్లీమీటరుకు దిగుతుంది, కానీ వెలుగు కూడా అంతే తగ్గుతుంది. కావిటీ ఫ్లేమ్‌హోల్డర్ (మంటను నిలబెట్టే గోడ గుంట) అంటుకుందా లేదా, మంట ఇంజెక్టర్ దగ్గర నిలిచిందా కిందికి జారిందా అన్న ప్రశ్నలకు మాత్రం ఇది, పక్కన ఒక ష్లీరెన్ (గాలి సాంద్రతలో మార్పులను చూపే ఆప్టికల్ ఏర్పాటు), ఈ రెండూ చాలు. పీజీ ప్రాజెక్టుకు ఇంతకు మించి వెళ్లడం మంచిది కాదు.

ఓహెచ్ పీఎల్‌ఐఎఫ్: అందరూ అడిగేది

532 నానోమీటర్ల యాగ్ లేజర్ (స్ఫటికంతో నడిచే పల్స్ లేజర్) రోడమైన్ 6జీ డైని, అంటే రంగు ద్రావణాన్ని, పంప్ చేస్తుంది, వెలుగుతో ఉత్తేజపరుస్తుంది. డై లేజర్ 566 దగ్గర వెలుగునిస్తుంది. దాని పౌనఃపున్యాన్ని బీబీఓ స్ఫటికం రెట్టింపు చేసి, తరంగదైర్ఘ్యాన్ని సగానికి, 283కి తెస్తుంది. అక్కడ ఓహెచ్ లైన్లు (ఓహెచ్ పీల్చుకునే కచ్చితమైన తరంగదైర్ఘ్యాలు) వరసగా ఉంటాయి. 282.93 దగ్గర క్యూ1(6), 283.22 దగ్గర క్యూ1(7), 283.55 దగ్గర క్యూ1(8). దహన ఉష్ణోగ్రతల్లో క్యూ1(8) మీద ఉష్ణోగ్రత ప్రభావం తక్కువ కాబట్టి ఉష్ణోగ్రత బాగా మారే ప్రవాహానికి దాన్ని ఎంచుకోవడం మేలు.

10 హెర్ట్జ్ సెట్‌లో షీటులోకి 10 మిల్లీజౌల్స్ దాకా వస్తుంది. మైనస్ 50 మిల్లీమీటర్ల ఫ్యూజ్డ్ సిలికా సిలిండ్రికల్ లెన్స్, దాని తర్వాత 500 నుంచి 1000 మిల్లీమీటర్ల గోళాకార లెన్స్ పెడితే 40–50 మిల్లీమీటర్ల ఎత్తు షీటు తయారవుతుంది. షీటును సరిచూసుకోవడానికి తెల్ల కార్డు ముక్క చాలు. కంటికి కనబడని 283 దాని మీద నీలం గీతగా మెరుస్తుంది. షీటు పైఅంచు, కింది అంచు బలహీనంగా ఉంటాయి, మధ్య భాగాన్నే కొలతకు వాడుకోవాలి.

ట్యూనింగ్‌లోనే చాలామంది చేతులెత్తేస్తారు. టన్నెల్ (కంబస్టర్‌కు గాలి పంపే గొట్టం) ముందు కూర్చుని లైన్ వెతకొద్దు. పక్కన ఎల్‌పీజీ బున్సెన్ బర్నర్ వెలిగించి, షీటులోంచి ఒక చిన్న ముక్కను అందులోకి మళ్లించండి. ఫొటోమల్టిప్లయర్‌తో సిగ్నల్ చూస్తూ 282.8 నుంచి 283.7 దాకా మెల్లగా స్కాన్ చేయండి. శిఖరాలు కనిపించాక లైన్ మీద ఆపండి. డై వేడెక్కితే, గ్రేటింగ్ కొంచెం కదిలితే లైన్ జారిపోతుంది, అందుకే ప్రతి రన్‌కు ముందు అదే మంటలో మళ్లీ చూసుకోవాలి. ఇంకో పరీక్ష తప్పనిసరి: లేజర్‌ను లైన్ నుంచి 0.05 నానోమీటరు పక్కకు జరిపి అదే రన్ మళ్లీ తీయండి. వెలుగు మాయమైతే అది ఓహెచ్. మాయం కాకపోతే మీరు ఇన్నాళ్లూ గోడల మెరుపునో, కిరోసిన్ ఆవిరినో, మసినో ఫొటో తీస్తున్నారన్నమాట.

ఓహెచ్ బొమ్మను చదవడంలో ఒక జాగ్రత్త. ఓహెచ్ సుమారు 1500 కెల్విన్ దాటాకే బాగా కనిపిస్తుంది. అయితే చర్య అయిపోయాక కూడా వేడి వాయువుల్లో నిలిచి ప్రవాహంతో కిందికి కొట్టుకుపోతుంది. కాబట్టి వెలిగిన చోటల్లా మంట మండుతోందని రాయకూడదు. మంట అంచు ఉండేది ఓహెచ్ ఒక్కసారిగా పెరిగే గీత దగ్గర. షాక్ తరంగం తగిలిన చోట పీడనం మారుతుంది, దాంతో క్వెంచింగ్ (ఢీకొన్న ఇతర అణువులు వెలుగును ఆర్పేయడం) మారుతుంది, వెలుగు మారుతుంది. అక్కడ ఓహెచ్ పెరిగిందని రాస్తే పరీక్షకుడు ఊరుకోడు. నీటి ఆవిరి గట్టి క్వెంచర్, హైడ్రోజన్ మంటలో అది నిండుగా ఉంటుంది.

ఫార్మాల్డిహైడ్: డై లేకుండా దక్కే లేజర్ బొమ్మ

యాగ్ లేజర్ మూడో హార్మోనిక్ (మూల తరంగదైర్ఘ్యంలో మూడో వంతు) 355. దాన్ని నేరుగా షీటు చేసి పంపొచ్చు. ట్యూనింగ్ లేదు, డై లేదు. వెలుగు 380 పైన కాబట్టి కెమెరా వైపు మామూలు 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 లెన్స్, మామూలు గాజు కిటికీ పనికొస్తాయి. మీథేన్ మంటకు ఇది చాలా చవకైన బేరం.

సిగ్నల్ బలహీనం, షీటులో 100 మిల్లీజౌల్స్ దాకా పోయాలి. అంత శక్తితో మసి వేడెక్కి వెలుగుతుంది, పెద్ద ఆరోమాటిక్ అణువులు వెలుగుతాయి. ఇంధనం ఎక్కువైన చోట ఫార్మాల్డిహైడ్ ఏదో మసి ఏదో తేల్చడం కష్టం. ఫ్యూజ్డ్ సిలికా కిటికీకి ఏదైనా మరక అంటి ఉంటే ఆ శక్తికి అక్కడే కాలి మచ్చ పడుతుంది, రన్‌కు ముందు ప్రతిసారీ తుడవాలి. ఓహెచ్, ఫార్మాల్డిహైడ్ రెండు బొమ్మలూ ఒకేసారి తీసి గుణిస్తే వేడి విడుదలయ్యే చోటు దాదాపుగా తెలుస్తుంది. 1998లో పాల్, నజ్మ్ ప్రతిపాదించిన ఈ ఉపాయానికి రెండు లేజర్లు, రెండు కెమెరాలు కావాలి. మొదటి రోజే దాని జోలికి వెళ్లొద్దు.

అసిటోన్: మిశ్రమం చూడాలంటే

266 నానోమీటర్లు, మళ్లీ యాగ్ నుంచే, నాలుగో హార్మోనిక్. ఇంధనంలోనో నైట్రోజన్‌లోనో అసిటోన్ ఆవిరి కలిపి ఇంజెక్ట్ చేస్తే ఆ జెట్ నీలంగా వెలుగుతుంది. అసిటోన్ వెలుగును ఆక్సిజన్ పెద్దగా ఆర్పదు, అందుకే గాఢతతో నేరుగా పోల్చవచ్చు. టోలుయీన్ ఇంకా బాగా వెలుగుతుంది గానీ గాలి తగలగానే ఆక్సిజన్ దాన్ని ఆర్పేస్తుంది. కలయికను కొలవడానికి అసిటోనే నమ్మకం.

ఆవిరి కోసం బబ్లర్ (ద్రవంలోంచి వాయువును బుడగలుగా పంపే సీసా) చాలు, 20 డిగ్రీల దగ్గర అసిటోన్ ఆవిరి పీడనం సుమారు 24 కిలోపాస్కల్స్. బబ్లర్ ఉష్ణోగ్రత నిలకడగా లేకపోతే గాఢత ఊగుతుంది, అందుకే నీళ్ల తొట్టెలో ఉంచాలి. ఫ్లాష్ పాయింట్ మైనస్ 20 చుట్టూ ఉంటుంది, దగ్గర్లో నిప్పురవ్వ ఉండకూడదు. నైట్రైల్, వైటాన్ ఓ-రింగులు ఉబ్బిపోతాయి, టెఫ్లాన్ గానీ ఈపీడీఎం గానీ వేయాలి.

అన్నిటికన్నా పెద్ద గొయ్యి ఇది. వేడి చేయని 300 కెల్విన్ గాలిని మాక్ 2కి విస్తరిస్తే 167 కెల్విన్‌కు దిగుతుంది. అసిటోన్ గడ్డకట్టేది 178 దగ్గర. అంటే చల్లటి టన్నెల్‌లో అసిటోన్ పొగమంచుగా మారి, మీరు చూసేది ఆవిరి వెలుగు కాదు, బిందువుల మెరుపు. చల్లటి ప్రవాహంలో ప్రవాహ నిర్మాణమే చూడాలంటే నైట్రిక్ ఆక్సైడ్ వైపు చూడాలి. వేడి గాలి ఉంటే అసిటోన్ హాయి, కానీ మంట తగలగానే కాలిపోతుంది కాబట్టి కాలని భాగాన్నే చూపిస్తుంది.

నైట్రిక్ ఆక్సైడ్, కిలోహెర్ట్జ్ లేజర్లు

నైట్రిక్ ఆక్సైడ్‌కు 226 కావాలి. ఒక డై లేజర్, దాని మీద మిక్సింగ్. వాయువు విషం, పని గంటల్లో 25 పీపీఎం హద్దు, గాలి తగిలితే ఇంకా ప్రమాదమైన నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. సిలిండరు గదికి ఎగ్జాస్ట్, అలారం, శిక్షణ లేకపోతే ఈ మాట మరచిపోండి. షాక్ టన్నెల్ ఉన్నవాళ్లకు మాత్రమే ఇది తగినది.

ఇక 10 కిలోహెర్ట్జ్ అంటే వినసొంపుగా ఉంటుంది. లెక్క వేసి చూడండి. రెండు ఫొటోల మధ్య 100 మైక్రోసెకన్లు, 900 మీటర్ల వేగంతో ప్రవాహం ఆలోపు 90 మిల్లీమీటర్లు పోతుంది. మీ కిటికీ పొడవు 100 అయితే ఒక సుడిని రెండు ఫొటోల్లో చూడలేరు. దానికి 100 కిలోహెర్ట్జ్ బర్స్ట్ లేజర్ (కొద్దిసేపు వరసగా పల్సులు కొట్టేది) కావాలి. అయితే కావిటీ లోపల తిరిగే నెమ్మది ప్రవాహం, అక్కడ వందల హెర్ట్జ్‌లో ఊగే మంట చూడాలంటే 10 కిలోహెర్ట్జ్ బాగా పనికొస్తుంది. పల్స్‌కు శక్తి మిల్లీజౌల్‌లో భాగమే ఉంటుంది, కాబట్టి షీటును చిన్నగా పెట్టాలి.

గది: తేమ, కరెంటు

వర్షాకాలంలో డెల్టా గాలి 32 డిగ్రీలు, 75 శాతం తేమ అంటే మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 27 డిగ్రీలు. కెమెరాకో డై సర్క్యులేటర్‌కో వాడే చిల్లర్ నీటిని 15 డిగ్రీలకు పెట్టారనుకోండి, గొట్టాల మీద, కెమెరా తల మీద నీళ్లు కారతాయి. తలలో తడి చేరితే ఇంటెన్సిఫయర్ హై వోల్టేజ్ లీకవుతుంది. బీబీఓ స్ఫటికం తేమ పీల్చుకుని మసకబారుతుంది. గదిని 24 డిగ్రీలు, 50 శాతం దగ్గర పట్టి ఉంచితే మంచుబిందువు 13కి దిగుతుంది, అప్పుడు భయం లేదు. దీనికి ఏసీ ఒక్కటే చాలదు, డీహ్యూమిడిఫయర్ కూడా కావాలి, సెలవుల్లో కూడా నడుస్తుండాలి. లెన్సులు, స్ఫటికాలు 40–50 శాతం తేమలో ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టకపోతే బూజు పడుతుంది.

కంప్రెసర్ గాలిదీ ఇదే గోల. అలాంటి రోజున కిలో గాలిలో 22 గ్రాముల నీరుంటుంది. ట్యాంకులో కొంత దిగిపోయినా మిగిలినది నాజిల్‌లో విస్తరించగానే మంచు పొగ అవుతుంది, 283 లేజర్ దాని మీద చెదిరి కెమెరాలోకి కారుతుంది. రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ 3 డిగ్రీల మంచుబిందువు దగ్గర ఆగిపోతుంది. మైనస్ 40కి తీసుకెళ్లే డెసికెంట్ (తేమ పీల్చే పదార్థం) డ్రయ్యర్ కావాలి.

కరెంటు పోయినప్పుడు డై పంపు ఆగి, యూపీఎస్ మీద ఉన్న యాగ్ మాత్రం కొడుతూ ఉంటే డై సెల్ గాజు కాలిపోతుంది. ప్రవాహ ఇంటర్‌లాక్ లేకుండా డై లేజర్ పెట్టొద్దు. రెండింటినీ ఒకే యూపీఎస్ మీద ఉంచండి.

ఎవరికి ఏది

ఆరు నెలల పీజీ పని అయితే ఓహెచ్ కెమిలుమినిసెన్స్, ష్లీరెన్. కిటికీ ఫ్యూజ్డ్ సిలికా కొనడానికి డబ్బు లేకపోతే 431 సీహెచ్.

ప్రతిపాదన రాస్తున్న విభాగమైతే మొదట యాగ్ లేజర్ కొనండి, డై లేజర్ కాదు. 532 దగ్గర 400 మిల్లీజౌల్స్ ఉండి, 355, 266 మాడ్యూళ్లతో వచ్చే 10 హెర్ట్జ్ యాగ్ ఒకటి తెస్తే, మొదటి సంవత్సరమే అసిటోన్, ఫార్మాల్డిహైడ్ రెండూ మొదలవుతాయి. షీటు లెన్సులు, కెమెరా, డిలే జనరేటర్, టైమింగ్ అన్నీ అలవాటవుతాయి. రెండో విడతలో అదే యాగ్ డై లేజర్‌ను పంప్ చేస్తుంది. ఓహెచ్‌తోనే మొదలుపెట్టి తీరాల్సిన సందర్భం ఒకటే, ఇంధనం హైడ్రోజన్ అయినప్పుడు. కెమెరా విషయంలో కక్కుర్తి వద్దు. మొదటి రోజు నుంచే యూవీ చూసే ఫొటోక్యాథోడ్ ఉన్న ఇంటెన్సిఫయర్ కొనాలి, లేకపోతే ఓహెచ్ రోజున మళ్లీ కొనాల్సి వస్తుంది. డై లేజర్ చూసుకోవడానికి ఒక మనిషి శాశ్వతంగా ఉంటాడన్న నమ్మకం లేకపోతే రెండో విడత అడక్కండి. స్కాలర్ థీసిస్ ఇచ్చి వెళ్లాక మూలన పడే సామాను డై లేజరే.

పీహెచ్‌డీకి ఓహెచ్ కావాలి కానీ కొనే స్తోమత లేదంటే, ఐఐటీ మద్రాస్ దహన పరిశోధన జాతీయ కేంద్రం, బెంగళూరు ఐఐఎస్సీ లాంటి చోట్ల కలిసి పని చేసే దారి వెతకాలి. కంబస్టర్‌ను లారీలో పంపే పని కాబట్టి ముందు నుంచే దానికి తగ్గట్టు కట్టాలి. లేజర్ పైనుంచి దిగడానికి సన్నటి కిటికీ, పక్కన కెమెరా కిటికీ, రెండూ విప్పి మార్చుకునేలా ఫ్లాంజులు, ప్రతి కిటికీకి ఒక విడి గాజు. లేజర్ గోడకు తగిలి కెమెరాలోకి తిరిగి రాకుండా లోపలి గోడకు నల్ల ఆనోడైజింగ్ గానీ వేడి తట్టుకునే నల్ల పెయింటు గానీ వేయాలి, లేదా కింద కూడా కిటికీ పెట్టి షీటును బయటకు పంపేయాలి. వాళ్ల లేజర్ 10 హెర్ట్జ్‌లో నిరంతరం నడుస్తూ ఉంటుంది, ఫ్లాష్‌ల్యాంప్ తర్వాత 200 మైక్రోసెకన్లకు అటూ ఇటూ క్యూ-స్విచ్ (పల్స్‌ను వదిలే స్విచ్) కొడుతుంది. మీ వాల్వే వాళ్ల లేజర్ గడియారానికి తగ్గట్టు తెరుచుకోవాలి. కంట్రోల్ ప్యానెల్‌లో 5 వోల్టుల ట్రిగర్ తీసుకునే బీఎన్‌సీ సాకెట్ ముందే పెట్టించుకోండి. గీతల లక్ష్యపటం ఒకటి, షీటు ఉన్న చోటే కూర్చునేలా, పెట్టెలో వేసుకెళ్లండి. అది లేకుండా తీసిన బొమ్మల్లో పిక్సెల్‌కు ఎన్ని మిల్లీమీటర్లో తర్వాత ఎవరూ చెప్పలేరు.